పదిహేనేళ్ల కిందట నమోదై, ఆ తర్వాత కొట్టివేసిన క్రిమినల్ కేసు తీర్పు నకలు ఎక్కడ, ఎలా దొరుకుతుంది?

పెన్నాతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా నాన్నగారి మీద 2009లో నమోదై, ఆ తర్వాత కోర్టు కొట్టివేసిన ఒక క్రిమినల్ కేసు తీర్పు నకలు ఇప్పుడు అత్యవసరంగా కావలసి వచ్చింది. మాది ఆంధ్రప్రదేశ్. ఈ పని చేయించుకున్నవారు గానీ, కోర్టు వ్యవహారాలు తెలిసినవారు గానీ దారి చూపిస్తారని కాస్త వివరంగా రాస్తున్నాను.

పొలం గట్టు విషయంలో దాయాదులతో మాటామాటా పెరిగి కొట్లాట దాకా వెళ్లింది. మా నాన్నగారితో కలిపి నలుగురిని నిందితులుగా చేర్చారు. భారత శిక్షాస్మృతి 447, 323, 506 సెక్షన్లు, వాటితో పాటు 34 కూడా పెట్టారని నాన్నగారికి గుర్తు. మా పాత తాలూకా కేంద్రంలోని జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో విచారణ జరిగింది. కొన్నేళ్లు వాయిదాలకు తిరిగాక, సాక్షులు ప్రాసిక్యూషన్‌కు అనుకూలంగా చెప్పకపోవడంతో కేసు కొట్టేశారు. తీర్పు కాపీ అప్పట్లో ఎవరూ తీసుకోలేదు. మా తరఫు వకీలుగారు కాలం చేశారు. ఆయన కార్యాలయంలోని కేసు కట్టలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో ఆ ఇంటివారికి కూడా తెలియదు.

మా చెల్లెలి కాన్పుకు అమ్మా నాన్నా విదేశానికి వెళ్లవలసి ఉంది. అమ్మకు పాస్‌పోర్టు వచ్చింది. నాన్నగారి దరఖాస్తు మీద మాత్రం పోలీసు విచారణలో కేసు పెండింగ్‌లో ఉందని రాశారు, దాంతో పాస్‌పోర్టు కార్యాలయం వివరణ కోరుతూ లేఖ పంపింది. స్టేషన్‌లో అడిగితే, కొట్టివేసినట్టు కోర్టు కాగితం తెచ్చి చూపిస్తే సరిచేస్తామన్నారు. కోర్టులో అడిగితే, కేసు నంబరు లేకుండా ఏమీ చెప్పలేమన్నారు. ఆ నంబరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

నంబరు తెలియని పాత కేసును ఎలా పట్టుకోవాలి? వకీలును పెట్టుకోకుండా నాన్నగారే నకలుకు దరఖాస్తు చేసుకోవచ్చా? ఇన్నేళ్ల తర్వాత రికార్డు అసలు ఉంటుందా? సమాచార హక్కు చట్టం కింద అడిగితే త్వరగా వస్తుందని ఒకరు చెప్పారు, అది నిజమేనా? డెబ్బై దాటిన మనిషి, తప్పు లేదని కోర్టే తేల్చి చెప్పిన తర్వాత కూడా ఇప్పుడు మళ్లీ నిందితుడిలా సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఆయనను బాగా కుంగదీస్తోంది. దయచేసి తెలిసినవారు చెప్పండి.


విశ్రాంత కోర్టు ఉద్యోగి:

అయ్యా, నేను మేజిస్ట్రేటు కోర్టుల్లోను, ఆ తర్వాత రికార్డు విభాగంలోను పనిచేసి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. మీ నాన్నగారి లాంటి పెద్దలు కోర్టు వరండాలో నిలబడి నంబరు తెలియక వెనక్కి తిరిగి వెళ్లడం చాలాసార్లు చూశాను కాబట్టి, ముందుగా నంబరు సంగతే చెబుతాను.

కోర్టు రికార్డు గదిలో కట్టలు నిందితుల పేర్ల మీద గానీ, ఊళ్ల పేర్ల మీద గానీ ఉండవు. కేసు నంబరును, కేసు ముగిసిన సంవత్సరాన్ని బట్టి పేర్చి ఉంటాయి. పైగా మీ కేసుకు రెండు నంబర్లు ఉంటాయి. మొదటిది స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ రాసినప్పుడు ఇచ్చిన క్రైం నంబరు. రెండోది, పోలీసులు ఛార్జిషీటు దాఖలు చేసి, మేజిస్ట్రేటు దాన్ని ఫైలుకు తీసుకున్న తర్వాత కోర్టు ఇచ్చిన సీసీ నంబరు, అంటే క్యాలెండర్ కేసు నంబరు. ఈ రెండింటి సంవత్సరాలు ఒకటే కావాలని లేదు. 2009 చివర్లో జరిగిన గొడవకు ఛార్జిషీటు 2010లో పడితే, సీసీ నంబరు పక్కన 2010 ఉంటుంది. 2009 రిజిస్టరు మాత్రమే తిరగేసి కేసు లేదని చెప్పి పంపేయడం తరచుగా జరుగుతుంది. కాబట్టి ఆ తర్వాతి రెండేళ్ల రిజిస్టర్లు కూడా చూడమని మర్యాదగా అడగండి.

ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే ఒకసారి వెతకండి. సమన్లు, జామీను సమయంలో ఇచ్చిన కాగితాలు, వాయిదా తేదీ రాసి వకీలు గుమాస్తా ఇచ్చిన చీటీ, వీటిలో ఏది దొరికినా పని సగం అయినట్టే, ఎందుకంటే సమన్ల మీద సాధారణంగా సీసీ నంబరు, కోర్టు పేరు రెండూ ఉంటాయి. ఏదీ దొరకకపోతే స్టేషన్‌లో కోర్టు డ్యూటీ చూసే కానిస్టేబుల్‌ను కలవండి. మీ నాన్నగారి పేరు, ఊరు, సంవత్సరం చెబితే స్టేషన్ రికార్డులో క్రైం నంబరు దొరుకుతుంది, దాని ఎదురుగా సీసీ నంబరు కూడా రాసి ఉండే అవకాశం ఎక్కువ. పెండింగ్ అని పాస్‌పోర్టు కార్యాలయానికి రాసి పంపినవారి దగ్గర ఏదో ఒక నంబరు ఉండి తీరాలి కదా! ఆ నివేదికలో రాసిన క్రైం నంబరు చెప్పమని అడగడం మీ హక్కు.

క్రైం నంబరు ఒక్కటే దొరికినా భయం లేదు. ఎఫ్‌ఐఆర్ అసలు ప్రతి మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి తీరుతుంది, వాటికి అక్కడ వేరే రిజిస్టరు ఉంటుంది. ఫలానా స్టేషన్ ఫలానా క్రైం నంబరు మీద ఛార్జిషీటు ఎప్పుడు వచ్చింది, ఏ సీసీ నంబరు ఇచ్చారు అన్నది అందులో తెలుస్తుంది.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. నలుగురు నిందితులు అన్నారు. నలుగురూ చివరిదాకా కోర్టుకు వచ్చారా? ఒకరు వాయిదాలకు రాకుండా పోయి, ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్) వారంటు ఇచ్చినా దొరకకపోతే, కోర్టు ఆ ఒక్కరి మీద కేసును విడదీసి దానికి కొత్త సీసీ నంబరు ఇస్తుంది. హాజరైన ముగ్గురి మీద పాత నంబరులోనే విచారణ పూర్తిచేసి తీర్పు చెబుతుంది. అప్పుడు మీ నాన్నగారి కేసు ముగిసినా, అదే క్రైం నంబరు మీద మరో కేసు నడుస్తూనే ఉంటుంది కాబట్టి స్టేషన్ లెక్కల్లో ఆ క్రైం మొత్తం పెండింగ్‌గానే కనిపిస్తుంది. మీరు రాసిన తీరు చూస్తే నాకు ఈ అనుమానమే బలంగా కలుగుతోంది. నాన్నగారిని ఈ ముక్క తప్పకుండా అడగండి.

ఇక దరఖాస్తు సంగతి. దీన్ని మా కోర్టుల్లో కాపీ అప్లికేషన్ అంటారు, క్లుప్తంగా సీఏ. వకీలు అక్కరలేదు, కేసులో పార్టీ అయిన మనిషి తానే వేసుకోవచ్చు. కోర్టు పేరు, సీసీ నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు, క్రైం నంబరు, నిందితుల జాబితాలో తాను ఎన్నోవారు, తీర్పు తేదీ, ఏ ఏ కాగితాల నకళ్లు కావాలి అన్నవి స్పష్టంగా రాసి, సంతకం చేసి, నిర్ణీత కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. ‘కేసు కాగితాలన్నీ ఇప్పించండి’ అని రాయకండి. అలా రాస్తే ఏ కాగితమో తేల్చుకోలేక దరఖాస్తును తిప్పి పంపుతారు. మీ అవసరానికి తీర్పు నకలు తప్పనిసరి. ఛార్జిషీటు నకలు కూడా అడిగితే మంచిది, ఎందుకంటే క్రైం నంబరుకూ సీసీ నంబరుకూ ఉన్న లంకె అందులో కనిపిస్తుంది, తీర్పును స్టేషన్‌లో చూపించినప్పుడు ఇది వేరే కేసు అనే మాట రాదు.

దరఖాస్తు తీసుకున్నాక దానికి సీఏ నంబరు వేస్తారు. ఆ తర్వాత ఎన్ని పుటలున్నాయో చూసి, ఎంత విలువైన కాపీ స్టాంపులు కట్టాలో నోటీసు బోర్డు మీద పెడతారు. చాలామంది తడబడేది ఇక్కడే. దరఖాస్తు ఇచ్చాం కదా, వాళ్లే పిలుస్తారని ఇంట్లో కూర్చుంటారు. గడువులోగా స్టాంపులు కట్టకపోతే దరఖాస్తును కొట్టివేస్తారు, మళ్లీ మొదటి నుంచి రావాలి. కాబట్టి నోటీసు బోర్డును తరచుగా చూసుకోండి.

నకలు చేతికి వచ్చినప్పుడు దాని మీద వేసిన ముద్ర చూడండి. దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు దాఖలైన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ, ఇవన్నీ వరుసగా ఉంటాయి. అప్పీలు వేసేవారికి ఈ తేదీలు ప్రాణం లాంటివి, ఎందుకంటే నకలు తయారు కావడానికి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. మీకు ఆ అవసరం లేకపోయినా, నిజ ప్రతి అన్న ముద్ర, అధికారి సంతకం, కోర్టు సీలు ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. తీర్పు మొదటి పుటలో పట్టికలాగా క్యాలెండరు ఉంటుంది. నేరం జరిగిన తేదీ, ఫిర్యాదు తేదీ, అరెస్టు, జామీను, విచారణ మొదలు, ముగింపు తేదీలు అన్నీ అందులో ఉంటాయి. ఆ పుట లేకుండా నకలు తీసుకోకండి.


న్యాయవాది:

సూపరింటెండెంట్ గారు పద్ధతి అంతా చక్కగా చెప్పారు. నేను చట్టం వైపు నుంచి మాత్రమే కొన్ని మాటలు చేరుస్తాను.

నకలు ఇవ్వడం కోర్టు సిబ్బంది దయ మీద ఆధారపడిన విషయం కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 363వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 404వ సెక్షన్, రెండూ ఈ హక్కును స్పష్టంగా గుర్తించాయి. జైలు శిక్ష పడిన నిందితుడికి తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. తీర్పు వల్ల ప్రభావితుడైన ఏ వ్యక్తి అయినా దరఖాస్తు చేసి నిర్ణీత రుసుము కడితే, తీర్పే కాదు, సాక్షి వాంగ్మూలం గానీ రికార్డులోని మరో భాగం గానీ పొందవచ్చు. నిర్దోషిగా విడుదలైన మీ నాన్నగారు ఈ కోవలోకే వస్తారు. ఇంకో మాట, నిందితుడు కోరితే, వీలున్నంతవరకు తన భాషలోకి అనువదించిన తీర్పు ప్రతిని అడిగే అవకాశాన్ని కూడా ఇదే సెక్షన్ ఇస్తోంది. మన కోర్టుల్లో తీర్పులు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటున్నాయి కాబట్టి ఈ సదుపాయం ఉన్నట్టు అందరికీ తెలియాలి.

కేసు నంబరు వెతకడానికి కోర్టుకు వెళ్లే ముందు ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటు గానీ, అదే పేరుతో ఉన్న మొబైల్ యాప్ గానీ చూడండి. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకున్నాక కేసు నంబరుతో, ఎఫ్‌ఐఆర్ నంబరుతో, పార్టీ పేరుతో, న్యాయవాది పేరుతో వెతికే వీలుంది. మీ వకీలుగారి పేరు తెలుసు కాబట్టి ఆ దారి కూడా ప్రయత్నించండి. ఫలితాలు వెతికేటప్పుడు పెండింగ్, డిస్పోజ్డ్, రెండూ అన్న ఎంపికలు ఉంటాయి. మీది ముగిసిన కేసు కాబట్టి పెండింగ్ మీద ఉంచి వెతికితే ఏమీ రాదు. పేరుతో వెతికేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు పెద్ద చిక్కు. వెంకటేశ్వర్లు అన్న పేరును ఛార్జిషీటు రాసిన రైటరు ఎన్ని రకాలుగానైనా రాసి ఉండవచ్చు. పూర్తి పేరు కాకుండా మొదటి నాలుగైదు అక్షరాలతోనే వెతకండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, లేకుండా ఒకసారి చూడండి. కేసు దొరికితే దానికి 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరు కనిపిస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి. అందులో మొదటి రెండు అక్షరాలు రాష్ట్రాన్ని, చివరి నాలుగు అంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి. కేసు ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు మారితే పాత నంబరు పట్టుకుని తిరగడం కన్నా ఈ నంబరు ఉపయోగపడుతుంది.

అయితే వెబ్‌సైటులో కనిపించే వివరం సమాచారం కోసమే. దాని ప్రింటు తీసి పాస్‌పోర్టు కార్యాలయానికి ఇస్తే సరిపోదు. అలాగే అక్కడ కనిపించనంత మాత్రాన కేసు లేదని అనుకోవద్దు. కంప్యూటరీకరణ మన జిల్లా కోర్టుల్లో దశలవారీగా, 2007 తర్వాత మొదలైంది, పాత కేసుల వివరాలు అన్ని కోర్టుల్లోనూ పూర్తిగా ఎక్కలేదు. అప్పుడు చేతి రాత రిజిస్టర్లే గతి.

సమాచార హక్కు గురించి అడిగారు. తీర్పులు, వాంగ్మూలాలు వంటి న్యాయపరమైన రికార్డుల నకళ్లకు ఆ దారి పనికిరాదు. హైకోర్టు నియమాల ప్రకారం నకలు పొందే పద్ధతి ఉన్నప్పుడు ఆ పద్ధతిలోనే అడగాలని గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చి చెప్పింది. దరఖాస్తు వేసి నెల రోజులు ఎదురుచూసి, చివరికి కాపీ అప్లికేషన్ వేసుకోండి అన్న జవాబు అందుకోవడం మీకు అవసరమా?

పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లోని పాస్‌పోర్టు నిరాకరించడానికి వీలిచ్చే ఎఫ్ ఖండం క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తున్నవారికి వర్తిస్తుంది. కొట్టివేసిన కేసుకు అది వర్తించదు. కాబట్టి లేఖకు గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి, కేసు ముగిసిందనీ, సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేశాననీ చెప్పి, సీఏ నంబరు రాసి, కొంత సమయం కోరండి. మౌనంగా ఉండిపోతే దరఖాస్తు మూసివేసే ప్రమాదం ఉంది. ఒకవేళ కేసు నిజంగానే నడుస్తున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, 1993 ఆగస్టులో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం కోర్టు అనుమతి ఉత్తర్వు తెచ్చుకుని పాస్‌పోర్టు పొందవచ్చు.


కావేటి చెల్లెలు:

నేను నిందితుల వైపు కాదు, బాధితుల వైపు నుంచి ఈ దారి నడిచినదాన్ని, అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను. మా అన్నయ్య రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. లారీ డ్రైవరు మీద కేసు పెట్టారు. మోటారు వాహనాల ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లినప్పుడు ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, పంచనామా, శవపరీక్ష నివేదిక, వాహన తనిఖీ నివేదిక అన్నింటి సర్టిఫైడ్ కాపీలు కావాలన్నారు. వదిన పేరు మీద దరఖాస్తు వేశాం. ఆమె ఆ కేసులో ఫిర్యాదుదారు కాదు, ఫిర్యాదు ఇచ్చింది మా బాబాయి. కోర్టు గుమాస్తా ఈ విషయం ముందే చెప్పి, ఆమె మృతుడి భార్య అని చూపే కాగితాలతో పాటు చిన్న అఫిడవిట్ కూడా పెట్టమన్నారు. అది పెట్టాక ఇబ్బంది రాలేదు. పేరు ఎవరిది, కేసులో వారి స్థానం ఏమిటి అన్నది దరఖాస్తులో మొదటి వాక్యంలోనే చెబితే ఎంతో సమయం కలిసివస్తుంది.

డబ్బు లేక వెనకాడేవారు ఎవరైనా ఉంటే మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలకు వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు. వదినకు దరఖాస్తు రాసిపెట్టింది అక్కడి ప్యానెల్ న్యాయవాదే. భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆమెను ఆ న్యాయవాది అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని, ఏ కాగితం ఎందుకో ఒక్కొక్కటిగా చెప్పింది.

ఒక సందేహం కూడా ఉంది. కేసుతో ఏ సంబంధమూ లేనివాళ్లు, ఉదాహరణకు ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లో పెళ్లి సంబంధం చూసేవాళ్లో, ఇలాగే ఎవరి కేసు కాగితాలైనా తీసుకోవచ్చా?


న్యాయవాది:

అమ్మా, మీ సందేహం చాలా ముఖ్యమైనది. మూడో వ్యక్తికి తలుపులు పూర్తిగా మూసి లేవు గానీ, పార్టీకి ఉన్నంత సులువుగా తెరిచి కూడా లేవు. తీర్పుతో సంబంధం లేనివారికి నకళ్లు ఇచ్చే విషయంలో నియమాలు చేసే అధికారాన్ని నాగరిక సురక్షా సంహిత 404వ సెక్షనే హైకోర్టులకు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల కోర్టుల్లో మూడో వ్యక్తి కారణం వివరిస్తూ అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి, న్యాయమూర్తి ఉత్తర్వు ఇస్తేనే నకలు దొరుకుతుంది. ఛార్జిషీట్ల విషయంలో 2023 జనవరిలో సుప్రీంకోర్టు మరింత స్పష్టత ఇచ్చింది. వాటిని ప్రజలందరికీ కనిపించేలా వెబ్‌సైట్లలో పెట్టాలన్న అభ్యర్థనను తోసిపుచ్చింది. ఎఫ్‌ఐఆర్‌ల సంగతి వేరు. సున్నితమైన కేసులు మినహా వాటిని 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని 2016లోనే ఆదేశించింది.

లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపును వెల్లడించడమే నేరం. పాత శిక్షాస్మృతిలో అది 228ఎ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసులకూ ఇలాంటి రక్షణే ఉంది. బాల నేరస్తుల రికార్డుల గోప్యతను బాల న్యాయ చట్టం కాపాడుతుంది. ఇలాంటి కేసుల్లో పార్టీలు తీసుకున్న నకలును కూడా ఫొటో తీసి వాట్సాప్‌లో పంచుకోవడం చేయరాదని నా క్లయింట్లకు గట్టిగా చెబుతాను. ఒక ఆడపిల్ల పేరు అలా ఊరంతా తిరిగితే దాన్ని వెనక్కి తీసుకురాగల కోర్టు ఏదీ లేదు.


పెన్నాతీరం:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సూపరింటెండెంట్ గారి అనుమానమే నిజమైంది. నాలుగో నిందితుడు, వరసకు నాన్నగారికి మేనల్లుడు, కేసు మధ్యలోనే బతుకుతెరువుకు వేరే రాష్ట్రం వెళ్లిపోయి మళ్లీ కోర్టుకు రాలేదట. ఆ విషయం అడిగేదాకా నాన్నగారికి గుర్తే లేదు. స్టేషన్ కానిస్టేబుల్ గారు రిజిస్టరు తీసి క్రైం నంబరు చెప్పారు. ఆ నంబరుతో ఈ-కోర్ట్స్‌లో వెతికితే నాలుగో నిందితుడి మీద విడదీసిన కేసు ఒక్కటే కనిపించింది. నాన్నగారి పాత కేసు అందులో లేదు. కోర్టులో పాత రిజిస్టరు చూడగా సీసీ నంబరు 2010 సంవత్సరంలో దొరికింది, ‘ఏ1 నుంచి ఏ3 వరకు నిర్దోషులు’ (అంటే మొదటి ముగ్గురు నిందితులు) అని ఎర్ర సిరాతో రాసిన వరుసను నాన్నగారు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. కాపీ అప్లికేషన్ వేశాం. పాస్‌పోర్టు కార్యాలయానికి సీఏ నంబరుతో జవాబు కూడా పంపాం.

ఇప్పుడు కొత్త చిక్కు. రికార్డు గదిలో మా కట్ట లేదని చెబుతున్నారు. ధ్వంసం చేసి ఉంటారేమో అంటున్నారు. ఇక మాకు దారి ఏమిటి?


విశ్రాంత కోర్టు ఉద్యోగి:

కంగారు పడకండి. ధ్వంసం చేశారేమో అన్న మాటను జవాబుగా తీసుకోవద్దు. పాత రికార్డులను తమ ఇష్టం వచ్చినట్టు పారేయడానికి వీల్లేదు. 1917 నాటి రికార్డుల ధ్వంస చట్టం కింద హైకోర్టు చేసిన నియమాల ప్రకారం, ఏ రకం కాగితం ఎన్నేళ్లు ఉంచాలో నిర్ణయించి, గడువు తీరాక జాబితా రాసి, అనుమతి తీసుకుని మాత్రమే ధ్వంసం చేస్తారు. ఆ జాబితా నిలిచి ఉంటుంది. మీ సీసీ నంబరు అందులో ఉందో లేదో చూసి చెప్పమనండి.

అంతకన్నా ముందు, విడదీసిన కేసు కట్టను చూడమనండి. కేసును విడదీసినప్పుడు ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, గాయాల ధ్రువపత్రం వంటి అసలు కాగితాలు ఆ నడుస్తున్న కేసుకు అవసరం కాబట్టి, పాత కట్ట మొత్తాన్ని తెచ్చి కొత్తదానితో కలిపి ఉంచడం పరిపాటి. అలాంటప్పుడు అది రికార్డు గదిలో కనిపించదు, బెంచి క్లర్కు దగ్గర గానీ, ఎక్కువకాలంగా కదలని కేసుల బీరువాలో గానీ ఉంటుంది. నాలుగో నిందితుడి కేసు ఇంకా ముగియలేదు కాబట్టి మీ కట్టను ధ్వంసం చేసి ఉండరనే నా నమ్మకం. మీ దరఖాస్తు మీదే, ‘సదరు రికార్డు విడదీసిన సీసీ ఫలానా నంబరు కట్టలో ఉండవచ్చు, పరిశీలించగలరు’ అని ఒక మెమో వేయండి.

ఒకవేళ నిజంగానే ధ్వంసమైతే, ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. రికార్డు లభ్యం కాదన్న ఎండార్స్‌మెంటు, దానితో పాటు కేసు ఎలా ముగిసిందో తెలిపే రిజిస్టరు వరుస సర్టిఫైడ్ ప్రతి, ఈ రెండూ చేతిలో ఉంటే పోలీసులైనా, పాస్‌పోర్టువారైనా కాదనడానికి ఆస్కారం తక్కువ. నాన్నగారు చూసిన ఆ ఎర్ర సిరా వరుసకు కూడా విలువ ఉంది.

నకలు వచ్చాక స్టేషన్‌లో ఇచ్చేటప్పుడు అసలు సర్టిఫైడ్ కాపీని వదిలిపెట్టి రాకండి. జెరాక్సు ఇచ్చి, అసలును చూపించి, మీ వినతిపత్రం రెండో ప్రతి మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. అందులో ఏ1 నుంచి ఏ3 వరకు కేసు ముగిసిందనీ, ఏ4 మీద మాత్రమే విడదీసిన కేసు నడుస్తోందనీ రెండు నంబర్లూ వేరువేరుగా రాయండి. అలా రాయకపోతే తర్వాత వచ్చే అధికారి మళ్లీ క్రైం నంబరు ఒక్కటే చూసి పెండింగ్ అనే రాస్తారు. నాలుగో నిందితుడి ఆచూకీ మీకు తెలిస్తే, వకీలు ద్వారా కోర్టుకు హాజరై వారంటు రీకాల్ (రద్దు) చేయించుకోమని ఆయనకూ చెప్పండి.